అంటుదూది

మా మేనకోడలు అమెరికాలో డల్లాసు నగరమున కాపురముండును. గత దీపావళికి వచ్చినప్పుడు ఆమె తెచ్చిన వస్తువులలో రెండు దూదిచుట్ట లుండెను. బాదముపప్పును, చాక్లెట్లను పిల్లలు పంచుకొని పోగా, ఈ చుట్టలు మూడువారములు మా మంచము క్రిందనే పడియుండెను. చూచుటకు సామాన్యమైన దూదిపొర. వ్రేలితో రాచినచో మాత్రము సన్నని యిసుక తగిలినట్లుండును. ఆ గరుకు జిగురట. పైన నొక గుడ్డయు క్రింద నొక గుడ్డయు పరచి, వేడి ఇస్త్రీపెట్టెతో నదిమినచో జిగురు కరగి మూడుపొరలును ఒక్కటిగా అంటుకొనును. ఆంగ్లమున దీనిని ఫ్యూజిబుల్ బ్యాటింగ్ అందురు. దర్జీలు రవికల మెడపట్టీలలో ఇస్త్రీతో నంటించు క్యాన్వాసును మా సోదరీమణులు చూచియే యుందురు. ఇది ఆ జాతిదే. కాని మెత్తగాను, మందముగాను ఉండును. మేము దీనికి అంటుదూది యని పేరు పెట్టుకొంటిమి. అంటు అను మాటకు మన యిండ్లలో మరియొక యర్థము గూడ నున్నది. ఆ సంగతి ముందు చెప్పుదుము.

ఈ అంటుదూదితో మా యింట రెండు బొంతలైనవి. ఒకటి బాగుగా వచ్చినది. రెండవది మా అమ్మ చీరెలతో చేసినది; అది చెడినది.

బొంత యనగానే పట్టణపు చదువరులలో కొందరు పెదవి విరిచెదరు. మా నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో—ఈ పాత జిల్లాలు 2016 తరువాత పలుజిల్లాలైనను మేము పాతపేర్లే వాడుచున్నాము—బొంత లేని యిల్లు మా చిన్ననాట లేదు. బంగాళమున కాంథా యనునదియు, మరాఠ్వాడలో గోధడి యనునదియు, కృష్ణ దాటి రాయచూరు వైపు పోయినచో కౌది యనునదియు దీని తోబుట్టువులే. వీనిలో ననేకమున దూది యుండదు, గుడ్డలే పొరలు. ఆరుగజముల చీరెను మధ్యకు మడచినచో మూడు గజముల పొడవు వచ్చును. పన్నా రెండున్నర మూరలే గనుక రెండుచీరెలు ప్రక్కప్రక్కన నతికిన గాని యిద్దరు పిల్లలు పండుకొనుటకు చాలదు. ముందుగా చాప పరచి, మంచి చీరెను దానిపై బోర్లించి, మీద నాలుగైదు పొరలు పాత ధోవతులును, చినిగిన దుప్పట్లును పరచి, అన్నిటిపైన మరియొక మంచి చీరె వేయుదురు. మూలలకు రాళ్లు పెట్టి ముడుతలు లాగి, పొరలు కదలకుండ పొడవుపొడవుగా కచ్చాకుట్లు వేయుదురు. పిమ్మట అంచునుండి మొదలుపెట్టి లోపలికి చుట్టు తిరుగుచు బారులు బారులుగా కుట్టుకొని వత్తురు. అసలు కుట్టు ముగిసినపిదప కచ్చాకుట్లను లాగివేయుదురు.

ఇట్లు కుట్టిన బొంతకు గల గొప్ప గుణము వెచ్చదనము కాదు. దానిని విప్పవచ్చును. ఏండ్లు గడచి పైచీరె నలిగినచో అంచు విప్పి, చినిగిన పొరను తీసి, క్రొత్త పొరను వేసి మరల కుట్టుదురు. మా అమ్మమ్మ బొంత మా యెరుకలోనే మూడుసార్లు విప్పబడినది. మూడవసారి లోపలిపొరలలో మా తాతగారి తలపాగ బయటపడగా అమ్మమ్మ దానిని కొంతసేపు ఒడిలో నుంచుకొని, ఏమియు ననక, మరల లోపలనే పెట్టి కుట్టినది.

ఇక అంటుసంగతి. బొంతలు కుట్టు స్త్రీలు కొందరు కోతలైన పిమ్మట ఊరూర తిరుగుచు మా యూరికి వచ్చెడివారు. మా పెద్దలు వారిని గడప దాటనీయక, అరుగుమీదనే కూర్చుండబెట్టి, కుట్టుట యైనపిదప బొంతమీద నీళ్లు చల్లి లోపలికి తీసికొనెడివారు. ఆ రాత్రియే దానిని గొంతువరకు కప్పుకొని నిద్రించెడివారు. ఆమె చేతికుట్టు వేయిసార్లు దిగిన గుడ్డకు చెంబెడు నీళ్లతో ఏ మైల పోయెనో మాకు నేటికిని తెలియలేదు. మా అమ్మ యొక్కతె వారికి లోపల పీట వేసి, తనతోబాటు అన్నము పెట్టెడిది. ఆ విషయమై మా నాయనమ్మ ఆమెతో చాలకాలము మాటలాడలేదు. అందుచేత మా యింట బొంత వట్టి గుడ్డగా నెన్నడును తోపలేదు.

పాలమూరు కూలీల మాట చెప్పక బొంత మాట ముగియదు. ఆనకట్టలకును, రోడ్లకును, పట్టణపు మేడలకును రాళ్లు మోసిన యా జనులు వలసపోవునప్పుడు మూటలో గిన్నెలతోబాటు బొంత యుండును. అది రాత్రి పక్క, పగలు పసిబిడ్డకు ఊయల, వానకు గుడిసెతలుపు. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిన తరువాత కృష్ణయొడ్డున గుడిసెలలో నివసించినవారి పక్కబట్టలు నీటిలో నానబెట్టి, బండమీద బాది, రాతిమీద ఆరవేసినవియే. అట్టి యుతుకునకు అంటుదూది నిలువదు. ఇస్త్రీపెట్టె, విద్యుత్తు, బల్ల లేనిచోట దాని ప్రసక్తియే లేదు. క్రొత్త వస్తువును మెచ్చుకొనునప్పుడు అది ఎవరి యింటికి పోగలదో, ఎవరి యింటికి పోలేదో గూడ చూడవలెను.

అయినను మేము దానిని మెచ్చుకొనవలసిన కారణ మొకటి మా యింటనే యున్నది. మా చిన్నమ్మ మర్రిగూడెము వైపు మెట్టినది. ఆ నేలలోని బావినీటియందు ఫ్లోరైడు మెండు. నల్లగొండజిల్లా ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1955లోనే బ్రిటిషు వైద్యపత్రికలో వ్యాసము వచ్చినది. పటికయు సున్నమును వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి ప్రపంచమంతటను నల్లగొండ టెక్నిక్ అని పేరు. వ్యాధివలన జిల్లాకు వచ్చిన కీర్తి యిది! నదీజలము గొట్టములద్వారా ఇండ్లకు వచ్చుట ఇటీవలి మాట. అంతలో నలుబదియేండ్లు ఆ బావినీరు త్రాగిన చిన్నమ్మ నడుము కొయ్యబారినది. మెడ త్రిప్పవలెనన్న మనిషి మొత్తము తిరుగవలెను. చేతులు మాత్రము చురుకుగానే యున్నవి, కన్నులును మంచివే.

బొంతపనిలో మిక్కిలి కష్టమైనది కుట్టు కాదు, పరపు. నేలపై పరచిన ఆరడుగుల గుడ్డమీద మోకాళ్లతో ప్రాకుచు, మధ్యభాగమునకు చేయి చాచి కచ్చాకుట్టు వేయవలెను. చిన్నమ్మ ఈ పనిని పదునేనేండ్ల క్రిందట మానుకొన్నది. "కుట్టమంటే కుడ్త బిడ్డా, పరువమంటే నా తోని గాదు" అనునది ఆమె మాట. అంటుదూది తీసివేయునది సరిగా ఆ పరపునే. బల్లమీద పరచి, నిలుచుండియే ఇస్త్రీపెట్టెతో నదిమినచో పొరలు కదలవు. వంగుట లేదు, ప్రాకుట లేదు.

ఇది వినగానే సంప్రదాయము చెడునని కొందరు మిత్రులు మాతో వాదించిరి. వారికి మేము ఆలేరు దగ్గరి శారాజీపేటను చూపితిమి. పోచంపల్లి చీరెకు ఆసు పోయునప్పుడు స్త్రీలు ఒకచేతిని వేలసార్లు అటు నిటు త్రిప్పవలసియుండెను. తన తల్లి లక్ష్మమ్మ భుజపునొప్పిని చూడలేక చింతకింది మల్లేశముగారు ఏండ్లతరబడి పాటుపడి 1999లో ఆసుయంత్రమును చేసిరి. దానికి తల్లిపేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. యంత్రమువలన చిటికి చీరె యందము తగ్గెనని ఎవరును అనలేదు. తల్లి భుజమునకు లేని సంప్రదాయభంగము చిన్నమ్మ నడుమునకు మాత్రమెందుకు?

కనుక మొదటి చుట్టను చిన్నమ్మ యింటికే కొనిపోతిమి. ఆమె మనుమరాలు కనబోవు బిడ్డకు తొట్టెలబొంత కావలసియుండెను. భోజనపు బల్లమీద పాత దుప్పటిని నాలుగుమడతలుగా వేసి పని మొదలుపెట్టితిమి. మొదటితప్పు మాదే. దూది అంచు గుడ్డను దాటి బయటికి వచ్చియుండగా దానిమీదనే ఇస్త్రీపెట్టె నుంచితిమి. జిగురు పెట్టె యడుగున అంటుకొని నల్లనై, ఆ సాయంకాలము మా బావగారి తెల్లధోవతిమీద చక్కని ముద్ర వేసినది. పిమ్మట పైన పలుచని గుడ్డ వేయుట నేర్చుకొంటిమి. పెట్టెను చొక్కాయిమీద నడిపినట్లు ఈడ్చరాదు. ఈడ్చినచో పొర జరిగి ముడుత పడును. ఒకచోట నదిమి, ఎత్తి, ప్రక్కచోట నదుముచు నడుమనుండి అంచులకు పోవలెను. ముడుత పడినచోట వేడిగానున్నప్పుడే మెల్లగా నెత్తి, సరిచేసి, మరల నదిమితిమి. గంటలో పని యైనది. చిన్నమ్మ కుర్చీలో కూర్చుండి, బల్ల యంచున బొంతను కొంచెము కొంచెముగా లాగుకొనుచు నాలుగుదినములు చేతితో కుట్టెను. సూది కొంత బరువుగా దిగుచున్నదని మాత్రము చెప్పి, దానిని మాటిమాటికి కొంగుతో తుడుచుకొనెను.

"వంగకుండనే అయిపాయె గదనే! పదిహేనేండ్ల కింద యాడికి వోయిందే నీ దూది?" అని ఆమె నవ్వినప్పుడు మాకు కలిగిన సంతోషము చిన్నది కాదు. బొంతను గోరువెచ్చని నీటిలో ఉతికి ఆరవేయగా బిరుసు పోయి, పాతచీరె మెత్తదనము తిరిగి వచ్చినది. వేలితో రాచిచూచితిమి; గరుకు లేదు. జిగురు నీటితో పోయినది. పొరలను పట్టియుంచినవి చిన్నమ్మ కుట్లే.

ఈ విజయముతో మాకు పొగరు కలిగినది. అమ్మ పోయి ఆరేండ్లైనది. ఆమె చీరెలలో మా అక్కచెల్లెండ్ర ముగ్గురికిని పంపకమునకు రానివి మూడు మిగిలినవి: ఒకటి గద్వాలచీరె, రెండు నారాయణపేట చీరెలు. గద్వాలచీరెతోను, ఒక నారాయణపేట చీరెతోను బొంత చేసి, ఒక్కొక్కయేడు ఒక్కొక్కరి యింట నుంచుకొందమని మా మువ్వుర యాలోచన. రెండవ చుట్టను విప్పితిమి. మొదటి చుట్ట కాగితమును చదువలేదు, దీనిదియు చదువలేదు. ఊరిలో నలుగురికి అర్జీలు వ్రాసిపెట్టు మేము, సందులేకుండ చిన్నయక్షరములతో నున్నదని ఆ కాగితమును చెత్తబుట్టలో వేసితిమి. అందులో వ్రాసియున్న దేమనగా, మొదటిది నూలు హెచ్చుగా నున్న దూది, దాని జిగురు మొదటియుతుకుతో పోవునది. రెండవది పాలిస్టరు, దాని జిగురు నిలిచిపోవునది. సంచులకును, గోడకు వ్రేలాడదీయు బట్టలకును బిగువు కావలయునని చేసినదట. ఈ సంగతి మేనకోడలు ఫోనులో చెప్పునప్పటికి అంతయు నైపోయినది.

గద్వాలచీరె నేర్పు చదువరులకు తెలియనిది కాదు. నడుము నూలు, అంచును కొంగును పట్టు. నూలుపేకయు పట్టుపేకయు కలియుచోట నేతగాడు పోగునకు పోగు మెలివేసి మగ్గముమీదనే జతపరచును. రెండుజాతుల దారములను జిగురులేకుండ ఒక్కచీరె చేసిన యా పనితనముమీద మేము నూలుకు తగిన వేడితో ఇస్త్రీపెట్టె నుంచితిమి. నడుమ బాగుగనే అంటుకొన్నది. అంచు దగ్గరకు వచ్చుసరికి పట్టు ముడుచుకొని పసుపువన్నెకు తిరిగినది. దానిక్రింద పాలిస్టరు కరగి చిన్నచిన్న గడ్డలైనది. కొంగుమీద అడ్డముగా నొక ముడుత పడి, మడచిన కాగితముమీది గీతవలె నిలిచిపోయినది. మొదటిసారివలె వేడిచేసి ఎత్తి చూచితిమి. చీరె రాలేదు, వచ్చినచోట దూదినార పట్టుకొని వచ్చినది, పట్టుపోగులు జరిగి జాలివలె నైనవి. మా చెల్లెలు చేయి పట్టుకొని ఆపినది. ఆపిన తరువాత మాటలాడకుండ వంటయింటిలోనికి పోయినది.

ఉతికినచో మొదటిదానివలె మెత్తనగునని యాశపడి ఉతికితిమి. కాలేదు. కప్పుకొన్నచో ఒంటికి హత్తుకొనక అట్టవలె పైకి లేచియుండును. విప్పుదమన్న విప్పుటకు కుట్టు లేదు. చిన్నమ్మకు చూపగా చాలసేపు చేతితో తడవి చూచెను. "కోపం చెయ్యకు బిడ్డా. మీ అమ్మ చీరెను నువ్వు కుట్టలే, అంటవెట్టినవ్" అనెను. ఆమె మాటలో నిందలేదు. తెలిసినపనిని గూర్చి తెలిసినట్లు చెప్పినది. మాకు కోపము రాలేదు గాని, నాలుగుదినములు ఇస్త్రీపెట్టె ముట్టబుద్ధి పుట్టలేదు.

ఆ నాలుగుదినములలో మాకు తోచిన దొకటి యున్నది. జిగురు మన నేతపనికి క్రొత్తది కాదు. నూలుపడుగు మగ్గమెక్కుటకుముందు గంజి పట్టించుట ప్రతినేతయింటను గలదు. గంజిలేనిచో పోగులు నూగులేచి అచ్చులో తెగును. పాలమూరు కురుమల గొంగడికి పడుగున పట్టించునది చింతగింజల గంజి. కాని నూలుగుడ్డకు పెట్టిన గంజి నేత యైనవరకే. ఉతికినచో నీళ్లతో పోవును, గుడ్డను పట్టియుంచునది పడుగుపేకల అల్లికయే. కచ్చాకుట్టు గూడ నట్టిదే. అసలు కుట్టు పడినపిదప దానిని లాగివేయుదుము. మొదటి చుట్టలోని జిగురు ఈ జాతిది. రెండవచుట్టలోనిది పని ముగిసినను పోనిది. రెండింటికిని ఒక్కటే పేరు, ఒక్కటే గరుకు, ఒక్కటే ధవళత్వము! అంగడిలో అడుగవలసిన మొదటిప్రశ్న ధర కాదు: ఉతికిన పోవునా, నిలుచునా? పోవుదానితో చేసినపుడు ఉతుకుటకు పూర్వమే కుట్లు దగ్గరదగ్గరగా పడియుండవలెను. జిగురు పోయినపిదప దిక్కు కుట్లే గదా. నిలుచుదానిని చేతిసంచికో, పిల్లల బల్లమీది గుడ్డకో వాడుకొనవచ్చును. వేడిగిన్నె క్రింద వేయు మెత్తకు మాత్రము వలదు. వేడికి కరగిన జిగురు వేడికే మరల సడలును, పాలిస్టరైన అదియు కరగును. పట్టుచీరెలకును, మరల దొరకని చీరెలకును ఏ జిగురును వలదు.

పెద్దబొంతకు అంటుదూది వాడుటలో మరియొక చిక్కున్నది. ఇల్లంత గుడ్డను చిన్నబల్లమీద భాగములుగా నదుముచు పోవునప్పుడు, ఇక్కడ సరియైనది అక్కడ జరుగును. తొట్టెలబొంతకు గంట పట్టినది. పెద్దదానికి మేమిద్దరము ఒక పూటంతయు నిలుచుంటిమి. నిలుచుండలేనివారి కది సుఖమని చెప్పలేము.

కూలికి బొంతలు కుట్టువారి మాట వేరు. బొంతకింత యని తీసికొను స్త్రీకి పరపుపూట కలిసివచ్చిన మరియొక బొంత కుట్టుకొనగలదు, నడుమును కాపాడుకొనగలదు. దూదివెల ఆమె కూలిలోనుండి పోయినచో ఆ లాభము సున్న. ఊరి మహిళాసంఘమువారు ఒక పొడవైన బల్లను, ఇస్త్రీపెట్టెను కొని సంఘపుగదిలో నుంచి, దూదివెలను బొంత చేయించుకొనువారిపైననే వేసినచో బాగుండునని మేము మొన్నటి సమావేశమున చెప్పితిమి. బల్లమాట ఒప్పుకొనిరి. దూదివెలమాట వచ్చుసరికి పెద్దయిండ్ల స్త్రీలు కొందరు గడియారము చూచుకొనిరి. మరల చెప్పుదుము.

మేనకోడలు సంక్రాంతికి మరియొక చుట్ట పంపుదునన్నది. ఉతికిన పోవు జిగురుదే పంపుమనియు, కాగితమును చింపవద్దనియు చెప్పితిమి, అది చిన్నమ్మకు. చెడిన బొంతను మా అక్క తీసికొనిపోయి తన మంచముమీద పరుపుక్రింద వేసికొన్నది. ఎందుకని మే మడుగలేదు.

మూడవ చీరె, నారాయణపేటది, గడులకొంగుతో మా పెట్టెలో నింకను ఉన్నది. దానిని బొంతగా చేయుటకు చిన్నమ్మ యొప్పుకొన్నది. వచ్చు ఆదివారము మా చెల్లెలును వచ్చును. దూది లేదు, అమ్మ పాతధోవతులే పొరలు. చిన్నమ్మ కుర్చీలో కూర్చుండి ఎక్కడ ముడుత యున్నదో చెప్పును. మేమిద్దరము నేలమీద వంగి కచ్చాకుట్లు వేయుదుము.